మంత్రిగారి చెంప మీద నాలుగు వేళ్లు

గురువారం పొద్దున పదకొండు గంటలకు టౌన్‌హాల్లో ఆరోగ్యశాఖ మంత్రిగారు బొబ్బల పురుగు నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. నూరు రోజుల కార్యక్రమం తొంభై ఆరో రోజుకే అయిపోయింది. మిగిలిన నాలుగు రోజులూ ప్రజలకే అంకితం ఇచ్చేశారు. అంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు.

నేను సభలకు టెంటు, కుర్చీలు, మైకు, లైట్లు పెట్టేవాణ్ణి. ముప్పయ్యారేళ్లుగా ఈ ఊళ్లో ఏ పార్టీ మాట్లాడినా నా మైకులోనే మాట్లాడింది. అందుకని నేను పెద్దగా మాట్లాడను. వేదిక పక్కన వైర్ల దగ్గర నిలబడతాను. అక్కణ్ణుంచి అన్నీ కనబడతాయి.

"ఎలా నిర్మూలించారు సార్?" అని ఒక విలేకరి లేచి అడిగాడు.

"జాబితాలోంచి తీసేశాం," అన్నారు మంత్రిగారు.

"ఏ జాబితా సార్?"

"ఉన్న పురుగుల జాబితా."

విలేకరి రాసుకుని కూర్చున్నాడు. ఆ జవాబు తర్వాత ఇంకో ప్రశ్నకు చోటు లేదు.

అప్పటికే ఒకటి మైకు మెడ మీద పాకుతోంది. గోరంత పొడవు, నల్ల ఒళ్లు, రెక్కల మీద నారింజ రంగు పట్టీలు. దాన్ని కొట్టకూడదని, నలపకూడదని ఈ పనిలో దిగిన మొదటి ఏడే నా మెడకు తెలిసింది. వంగి, ఫూ అని ఊదాను. ఎగిరిపోయింది. హాలంతా ఫూ అని మోగింది. మంత్రిగారు నావైపు తిరిగి చూశారు.

"మైకు పనిచేస్తోందా అని చూశానండి," అన్నాను.

"పనిచేస్తోంది," అన్నారాయన. శాఖలో ఇంకా ఏమేం పనిచేస్తున్నాయో చెప్పి సభ ముగించారు.

మా అమ్మాయి ప్రభుత్వ డిస్పెన్సరీలో నర్సు. పదకొండేళ్ల సర్వీసు. మేమిద్దరం ఉండేది డిస్పెన్సరీ వెనక ఆమెకిచ్చిన క్వార్టర్లో. నా కుర్చీలు, టెంటు గుడ్డలు కూడా ఆ వరండాలోనే ఉంటాయి. మర్నాడు పొద్దున కుర్చీలు దింపడానికి వెళ్లేసరికి డిస్పెన్సరీ ముందు వరస గేటు దాటి రోడ్డెక్కింది. పాలవాడికి కనురెప్ప మీద బొబ్బ. పంతులమ్మకు మెడ చుట్టూ కొరడాతో కొట్టినట్టు ఒక చార. దర్జీకి మోచేతి మడతలో పైనొకటి, కిందొకటి, ఒకదాన్ని చూసి ఇంకొకటి పోసినట్టు ఉన్నాయి.

"కుట్టిందా?" అని మా అమ్మాయి అడిగింది.

"కుట్టేది నేనమ్మా, అది కాదు," అన్నాడు దర్జీ.

"మరి నలిపావా?"

"చెయ్యి మడిచాను. మధ్యలో అదొకటి కూర్చుందని నాకేం తెలుసు? నిన్నేం లేదు. పొద్దున లేచేసరికి ఇదీ వాలకం."

"అది కరవదు, కుట్టదు. దాని ఒంట్లో ఒక విషం ఉంటుంది. నలిగితే మన ఒంటికి అంటుకుంటుంది. ఇవాళ అంటితే రేపు లేస్తుంది బొబ్బ."

"రేపటి దాకా ఆగడమెందుకో. మా ఆవిడైతే అప్పటికప్పుడే చూపిస్తుంది," అన్నాడు దర్జీ. వరసంతా నవ్వింది. పాలవాడు మాత్రం నవ్వబోయి, రెప్ప పట్టుకుని ఆగిపోయాడు.

మా అమ్మాయి అప్పటికే గోడకు ఒక కాగితం అంటించింది. పురుగు వాలితే కొట్టకండి. ఊదండి. సబ్బుతో కడగండి. సాయంత్రం గుమ్మంలో లైటు ఆర్పండి. అంతే ఉంది అందులో. రిజిస్టరులో 'కారణం' అన్న గడిలో మాత్రం పూర్తిగా రాసింది: బొబ్బల పురుగు, క్యాంథరిడిన్ అనే విషం. అలా నలభై మూడు సార్లు రాసింది.

సూపరింటెండెంటుగారు చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని వచ్చారు. రిజిస్టరు తిరగేశారు.

"ఏమ్మా, నిన్నటి ప్రకటన వినలేదా?"

"విన్నాను సార్. మా నాన్న మైకే."

"మరి ఈ నలభై మూడూ ఏమిటి?"

"నలభై మూడు మంది మనుషులు సార్."

"వేడి అని రాయి."

"వేడి కాదు సార్."

"నేనూ కాదనే అంటున్నాను. కానీ పురుగుకి ఒక శాఖ ఉంది, మంత్రి ఉన్నారు. వేడికి ఏ శాఖా లేదు. వేడి అంటే ఎవరికీ నొప్పి ఉండదమ్మా."

"వీళ్లకుంది సార్."

ఆయన అటూ ఇటూ చూసి పై గుండీ విప్పారు. గొంతు కింద రూపాయి బిళ్లంత బొబ్బ. "ఆ మందే నాక్కూడా కాస్త రాయి. నాకూ వేడి చేసింది," అన్నారు.

ఆమె మందు రాసింది. రిజిస్టరులో ఆయన పేరు నలభై నాలుగోదిగా ఎక్కించి, కారణం గడిలో పురుగు అనే రాసింది.

నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. లేని పురుగు పేరును ప్రభుత్వ రిజిస్టరులో నలభై నాలుగు సార్లు రాసి ప్రజలను దురదకు గురిచేసినందుకు ఆమెను సస్పెండ్ చేశారు. నాలుగున్నరకు రెండో ఉత్తర్వు వచ్చింది. ఆమె బదులు ఇంకో నర్సు లేనందువల్ల, సస్పెన్షన్ కాలంలో కూడా రోజూ ఎనిమిదింటికే డ్యూటీకి రావాలని. ప్రభుత్వానికి ఆమె మీద అంత నమ్మకం ఉంది.

వచ్చే శుక్రవారం విచారణ. పురుగు లేదని తేలితే మా అమ్మాయి ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది. ఉందని తేలితే మంత్రిగారు పోతారు.

"నాన్నా, రాసింది కొట్టెయ్యనా?" అని అన్నం దగ్గర అడిగింది.

"దర్జీ చెయ్యి చూశావా?"

"చూశాను."

"మరింకేం."

ఆ సంగతి మీద మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

శనివారం సాయంత్రం మంత్రిగారికి అభినందన సభ పెట్టారు. పెట్టింది పార్టీలో ముందువరస అనే ఆయన. ఏ సభకు వచ్చినా మొదటి వరసలో కుర్చీ దొరికేదాకా నిలబడే ఉంటాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. పద్నాలుగేళ్లుగా ఏదో ఒక సంఘానికి చైర్మన్ కావాలని కాచుకుని ఉన్నాడు. ఏ సంఘమన్న పట్టింపు లేదు. అంత నిస్వార్థమైన మనిషి.

"పెద్దాయనా, లైట్లు రెట్టింపు పెట్టు. మంత్రిగారి ముఖం నాలుగు వీధుల అవతలికి కనబడాలి," అన్నాడు.

"పురుగులొస్తాయి బాబూ."

"ఏ పురుగులు?"

"లేనివి."

"లేనివి వస్తే మనకేం? పెట్టు."

ఎనభై ట్యూబులైట్లు పెట్టాను. పొద్దు వాలగానే స్విచ్చి వేశాను. పావుగంటలో నాలుగు వీధుల అవతల ఉన్నవన్నీ వచ్చేశాయి. జనం మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చారు.

మంత్రిగారు బాగా మాట్లాడారు. "ఈ సభలో ఒక్క పురుగైనా ఉందా? ఉంటే చెయ్యెత్తండి," అని సవాలు చేశారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అన్ని చేతులూ మెడలు తుడుచుకునే పనిలో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఒకటి వచ్చి మంత్రిగారి కుడి చెంప మీద వాలింది. పక్కనే జ్ఞాపిక పట్టుకుని నిలబడిన ముందువరస దాన్ని చూశాడు. నేనూ చూశాను.

"ఊదు బాబూ," అన్నాను వైర్ల దగ్గర నుంచి.

మంత్రిగారి ముఖం మీద ఊదడం మర్యాద కాదనుకున్నాడు కాబోలు. జ్ఞాపిక ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో కొట్టాడు.

నా మైకు మంచిది. ఆ దెబ్బ చివరి కుర్చీ దాకా వినబడింది. చప్పట్లు మొదలెట్టమన్న సైగ అనుకుని జనం రెండు నిమిషాలు చప్పట్లు కొట్టారు. ఆ రెండు నిమిషాలూ మంత్రిగారు మైకు మీద చెయ్యి పెట్టి ముందువరసతో మాట్లాడారు.

"ఏమిట్రా ఇది?"

"ఏం లేదండి."

"ఏం లేకపోతే ఎందుకు కొట్టావు?"

ముందువరస చిక్కుల్లో పడ్డాడు. పురుగుందంటే పార్టీకి ద్రోహం. లేదంటే చెంపకు ద్రోహం. ఎటూ తేలక, చెయ్యి తియ్యడం మర్చిపోయి అలాగే ఆ చెంపకు ఆనించి ఉంచాడు.

"అభిమానం ఆగలేదండి," అన్నాడు చివరికి.

మంత్రిగారు పెద్దమనిషి. మైకు మీది చెయ్యి తీసి, "చూశారా, మీ అభిమానం ఎంత గట్టిదో," అన్నారు. మళ్లీ చప్పట్లు. ఈసారి మూడు నిమిషాలు.

ఆయన వేదిక దిగుతుంటే ముందువరస చొక్కా పట్టుకుని చెప్పాను, వెంటనే సబ్బుతో ముఖం కడిగించమని.

"మంత్రిగారిని ముఖం కడుక్కోమనేంతటి వాణ్ణా నేను?" అన్నాడు వినయంగా. తన చెయ్యి కూడా కడుక్కోలేదు. మంత్రిగారిని తాకిన చెయ్యి కదా.

ఆదివారం సాయంత్రానికి బొబ్బలు లేచాయి. సోమవారం పొద్దున బంగళాకు రమ్మని కబురొస్తే వెళ్లాను. మంత్రిగారు కిటికీకి ఎడమ చెంప చూపిస్తూ సోఫాలో కూర్చుని ఉన్నారు. కుడి చెంప మీద నాలుగు వేళ్లు, చెవి దగ్గర బొటనవేలు, చిటికెన వేలికున్న ఉంగరం గుర్తుతో సహా లేచి కనబడుతున్నాయి. పీఏ ఫైలు పట్టుకుని ఉన్నాడు. ముందువరస తలుపు పక్కన జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. సూపరింటెండెంటుగారు భూతద్దంతో చెంప చూస్తున్నారు.

"ఏమిటది?" అన్నారు మంత్రిగారు.

"వేడి అండి."

"వేడికి వేళ్లుంటాయా?"

సూపరింటెండెంటుగారు భూతద్దం తుడుచుకున్నారు.

పీఏ చదువుకున్నవాడు. విషయం తేటగా చెప్పాడు. "సార్, దారులు రెండే. పురుగు అంటే గురువారం ప్రకటన అబద్ధం. దెబ్బ అంటే ప్రకటన నిజమే, చెంప ఒక్కటే పోయింది."

"దెబ్బ తిన్న మంత్రికి ఓట్లు పడతాయా?"

"పురుగుకి దొరికిన మంత్రికంటే బాగా పడతాయి సార్."

నేను గొంతు సవరించుకున్నాను. "అయ్యా, మా అమ్మాయి రిజిస్టరులో నలభై నాలుగు పేర్లున్నాయి. మీది నలభై అయిదోది రాయిస్తే సరిపోతుంది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదని తేలిపోతుంది. క్యాంథరిడిన్ వల్లనే అయిందని రాసి ఉంది అందులో."

ఆ ఏడాది మొత్తం మీద నేను ఒక్కసారిగా మాట్లాడిన పెద్ద మాట అదే.

మంత్రిగారు పీఏ వైపు వంగారు. "ఎవరా క్యాంథరిడిన్? ఏ పార్టీ?"

"విషం పేరు సార్."

"అయితే వాళ్లవాడే," అన్నారు మంత్రిగారు. తర్వాత నావైపు తిరిగి, దయగా, "ఆలోచిస్తాను పెద్దాయనా," అన్నారు.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను, ఆలోచిస్తానన్నారని.

"ఆయన ఆలోచించడం నువ్వెప్పుడైనా చూశావా నాన్నా?" అంది.

మంగళవారం పదకొండు గంటలకు మంత్రిగారు టౌన్‌హాల్లో కుడి చెంప జనానికి చూపిస్తూ ప్రకటించారు. తాను పురుగును నిర్మూలించడం చూసి ఓర్వలేక ప్రతిపక్షం తన చెంప మీద కొట్టించిందని, అయినా ప్రజల కోసం రెండో చెంప కూడా సిద్ధంగా ఉందని. జనంలో కొందరు ఏడ్చారు. నేను వైర్లు సర్దుతుంటే ప్రతిపక్షం వాళ్లు వచ్చి, "అవి తియ్యకు, మాది ఒంటిగంటకి," అన్నారు. బ్యానరు మార్చాను. కుర్చీలు అవే, మైకు అదే.

ప్రతిపక్ష నాయకుడు ఖండిస్తాడనుకున్నారు అందరూ. ఆయన అంత సాధారణమైన మనిషి కాదు. "అవును, కొట్టాం. ప్రజల తరఫున కొట్టాం. కొట్టింది మా కార్యకర్తే," అన్నాడు. జనంలో ఇంకొందరు, మొదటి సభలో ఏడ్చినవాళ్లే కొందరు, ఈలలు వేశారు. సాయంత్రానికి ఆ కొట్టిన కార్యకర్త తామేనని పదకొండుమంది ఎవరికి వారే ఒప్పుకున్నారు.

పీఏ దానికీ అడ్డు చెప్పాడు. కొట్టినవాడి అరచేతిలో కూడా ఆ గుర్తే ఉంటుంది, ఉంటే చూపించండి అని పత్రికలకు కాగితం పంపాడు.

బుధవారం ప్రతిపక్షం ఆఫీసు నుంచి కబురు. నూట ఇరవై ట్యూబులైట్లు కావాలి, పొద్దు వాలేసరికి వెలగాలి.

"సభ ఉందా బాబూ?"

"సభ లేదు. పురుగులు రావాలి."

"లేవుగా."

"లేంది వాళ్లకి. మాకు కావాలి."

పదకొండుమందీ లైట్ల కింద అరచేతులు చాచి నిలబడ్డారు. దేశం కోసం అంత ఓపికగా నిలబడిన మనుషులను నేను చూడలేదు. అవతల వీధిలో మంత్రిగారి మనుషులు కూడా లైట్లు వేయించుకున్నారు. నాయకుడికి తగిలిన దెబ్బ తమకూ తగిలినట్టే కాబట్టి, వాళ్లు కుడి చెంపలు పైకి పెట్టి నిలబడ్డారు. రెండు వీధుల మధ్య పురుగులకు తీరిక లేకుండా పోయింది.

గురువారం డిస్పెన్సరీలో రెండు వరసలు. ఒకటి అరచేతులది, ఇంకోటి చెంపలది. నిజంగా పాలు పోస్తూనో బట్ట కుడుతూనో బొబ్బలు తెచ్చుకున్నవాళ్లు మూడో వరస కట్టారు. మా అమ్మాయి ఒక్కతే మూడు వరసలకూ మందు రాసింది. సూపరింటెండెంటుగారు కిటికీలోంచి తల పెట్టారు.

"అన్నీ దెబ్బలని రాయమ్మా."

"వేడి కాదా సార్?"

"వేడి పోయినవారం సంగతి."

"ఈ దర్జీని మోచేతి మడతలో ఎవరు కొట్టారని రాయను సార్?"

"ఆ ఒక్కటీ వదిలెయ్యి," అని కిటికీ మూసేశారు. ఆమె ఎప్పటిలాగే రాసింది. ఆ రోజుతో రెండు వందల పన్నెండు.

ఇంత జరుగుతున్నా అసలు చెయ్యి ముందువరస జేబులోనే ఉంది. ఆ చెయ్యి బయటికొస్తే రెండు పార్టీలకూ పని పోతుంది. పీఏ వెళ్లి ఆయనతో గంటసేపు మాట్లాడాడు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. పురుగు ఉందా లేదా అని తేల్చే విచారణ సంఘానికి ముందువరసే చైర్మన్. పద్నాలుగేళ్ల ఎదురుచూపు ఫలించింది. చెయ్యి జేబులోంచి తీసి, మోచేతి దాకా కట్టు కట్టించుకున్నాడు. తలుపులో చెయ్యి పడిందని అందరికీ చెప్పాడు. ఏ తలుపని ఎవరూ అడగలేదు.

శుక్రవారం నాలుగింటికి డిస్పెన్సరీ వెనక పాత రికార్డులు పెట్టే గదిలో విచారణ. వాన మబ్బు పట్టి గది చీకటిగా ఉంటే లైటు వేశారు. కుర్చీలు నావే. మధ్యలో ముందువరస, అటు సూపరింటెండెంటుగారు, ఇటు పీఏ. బల్ల మీద మంత్రిగారి చెంప ఫొటో ఉన్న పేపరు. మా అమ్మాయి నిలబడి ఉంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. కుర్చీలు మళ్లీ తీసుకుపోవాలి కదా.

ఆమె రిజిస్టరు బల్ల మీద పెట్టింది. పక్కన ఒక మందు సీసా పెట్టింది. లోపల అది పాకుతోంది.

"ఇదేమిటి?" అన్నాడు ముందువరస.

"పురుగండి."

ముగ్గురూ ఒక్కసారి గోడవైపు తిరిగారు.

"చూస్తే ఉందని ఒప్పుకున్నట్టవుతుంది," అన్నాడు పీఏ గోడతో. "రికార్డులో ఖాళీ సీసా ఒకటి అని రాయండి."

"ఖాళీ అయితే మూత తియ్యండి సార్," అంది మా అమ్మాయి.

చైర్మన్‌గా అది ముందువరసకు మొదటి సవాలు. "ఖాళీ సీసా మూత తియ్యడానికి మాకేం భయం?" అని ఎడమ చేత్తో మూత తిప్పి తీసి, సీసా పక్కకు నెట్టేశాడు. అది బల్ల మీద అడ్డంగా పడింది. ఎవరూ దానివైపు చూడలేదు.

తీర్పు పీఏ చెప్పాడు, సూపరింటెండెంటుగారు రాశారు. పురుగు లేదు. లేని పురుగును రెండు వందల పన్నెండు సార్లు రాసిన నర్సును ఉద్యోగం నుంచి తొలగించడమైనది. సోమవారంలోగా క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అయితే బదులు మనిషి వచ్చేదాకా, తొలగించిన తర్వాత కూడా, రోజూ ఎనిమిదింటికే డ్యూటీకి రావాలి.

కాగితం చైర్మన్ ముందు పెట్టారు. సంతకం కావాలి. ముందువరస కుడి చేతి కట్టులోకి పెన్ను దూర్చి చూశాడు. నిలవలేదు. ఎడమ చేత్తో గీసి చూశాడు. అది సంతకంలా లేదని పీఏ ఒప్పుకోలేదు.

"అమ్మా," అన్నాడు ముందువరస, కాస్త సిగ్గుపడి. "పెన్ను పట్టుకునేటట్టు కట్టు మార్చి కట్టగలవా?"

మా అమ్మాయి కుర్చీ దగ్గరికి వెళ్లింది. కట్టు విప్పింది. అరచెయ్యీ నాలుగు వేళ్లూ బొబ్బలెక్కి, చిటికెన వేలి ఉంగరం మాంసంలో కూరుకుపోయి ఉంది. పీఏ ఆ చేతిని చూశాడు. పేపర్లో చెంపను చూశాడు. తర్వాత మళ్లీ గోడను చూశాడు.

ఆమె సబ్బు నురగతో ఉంగరం మెల్లగా జార్చి తీసింది. తడిపింది, తుడిచింది, మందు రాసింది. బొటనవేలు, చూపుడువేలు వదిలి కొత్త కట్టు కట్టింది.

"నొప్పిగా ఉందా అండి?"

"నొప్పేం లేదమ్మా. కాస్త వేడి."

పెన్ను అందుకున్నాడు. కాగితం మీద వంగాడు. చైర్మన్ అని రాసి ఉన్న చోట, సంతకం పడాల్సిన చుక్కల గీత మీద, అది కూర్చుని ఉంది. నల్ల ఒళ్లు, నారింజ పట్టీలు.

బల్ల మీదున్న ఆరు చేతులూ వెనక్కిపోయాయి. మూడు తలకాయలు ముందుకు వంగాయి. ముగ్గురూ పెదాలు సున్నాలా చుట్టి, నెమ్మదిగా, ఒకేసారి ఊదారు.

ఫూ.

అది లేచి లైటు వైపు పోయింది. ముందువరస చుక్కల గీత మీద సంతకం పెట్టాడు.

"సబ్బు ఆ తొట్టి దగ్గరుంది," అంది మా అమ్మాయి. "కళ్లు నలుపుకోకండి."

ముగ్గురూ హోదా ప్రకారం వరసగా వెళ్లి చేతులు కడుక్కున్నారు. ముందువరస ఎడమ చెయ్యి ఒక్కటే కడుక్కున్నాడు. బయట మూడు వరసలూ కదులుతున్నాయి. మా అమ్మాయి రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఐదింటి దాకా డ్యూటీ ఉంది.

నేను కుర్చీలు మడుస్తుంటే ముందువరస గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాడు.

"పెద్దాయనా, ఇందాక మేం ముగ్గురం ఊదాం చూశావూ."

"చూశాను బాబూ."

"అది, మైకు పనిచేస్తోందా లేదా అని."

"బాగా పనిచేసిందండి," అన్నాను.

ఆ గదికి నేను మూడు కుర్చీలు తెచ్చాను. మైకు తేలేదు.